సర్వే కాగితంలోని డిగ్రీలు ఫోన్ మ్యాప్‌లో పెట్టాలంటే

పొలం, స్థలం కాగితాల్లో అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటే, వాటిని దశాంశంలోకి మార్చి ఫోన్ మ్యాప్‌లో వెతకడం దగ్గర చాలామందికి టెన్షన్. మామూలు క్యాలిక్యులేటర్ చాలు.

నిమిషాల్ని 60తో, సెకన్లని 3600తో భాగించి, రెండూ డిగ్రీలకు కలపండి. ఉదాహరణకు విజయవాడలో ఒక చోటు 16 డిగ్రీల 30 నిమిషాల 36 సెకన్లు అనుకుందాం. 30ని 60తో భాగిస్తే 0.5, 36ని 3600తో భాగిస్తే 0.01. మొత్తం 16.51. రేఖాంశం 80 డిగ్రీల 37 నిమిషాల 12 సెకన్లయితే ఇదే లెక్కన 80.62. మ్యాప్‌లో ముందు అక్షాంశం, కామా, తర్వాత రేఖాంశం కొట్టాలి.

నేను మొదట్లో అంకెల్ని అలాగే కలిపేసి 16.3036 అని కొట్టాను. చుక్క దాదాపు 23 కిలోమీటర్లు దక్షిణాన పడింది! లెక్కలో దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలైనా ఉంచుకోండి, అప్పుడు తేడా మీటరు లోపే.

ఒక్క జాగ్రత్త. కొన్ని జీపీఎస్ పరికరాలు 16 డిగ్రీల 30.6 నిమిషాలు అని చూపిస్తాయి. ఆ .6 సెకన్లు కాదు, నిమిషంలో భాగమే. అక్కడ 3600 జోలికి పోకుండా 30.6ని 60తో భాగించి కలిపితే సరి.