కయాక్ బిరడాలు: ముట్టుకాడులో పెట్టండి, కోవళంలో తీసేయండి

పైనే కూర్చుని తెడ్డుతో నడిపే చిన్న పడవ, సిట్-ఆన్-టాప్ కయాక్‌కు అడుగుదాకా ఉండే రంధ్రాలు పైన పడ్డ నీళ్లు పోవడానికే. కాస్త బరువున్న మనిషి కూర్చుంటే మాత్రం వాటిలోంచే నీళ్లు పైకొచ్చి సీటు తడుస్తుంది. చెన్నై దగ్గరి ముట్టుకాడు బ్యాక్‌వాటర్ లాంటి నిలకడ నీళ్లలో సీటు దగ్గరి రంధ్రాలకు బిరడాలు పెడితే చాలు. అంచున ఇసుక తుడిచి, బిరడా తడిపి, తిప్పుతూ చేత్తోనే నొక్కండి. సుత్తితో కొట్టారో, రంధ్రం గొట్టం చీలి నీళ్లు పడవ బోలులోకి (లోపలి ఖాళీలోకి) చేరతాయి.

ఆ దగ్గర్లోనే ఉన్న కోవళం సముద్రపు అలల్లోకైతే తీసేయాల్సిందే. లేదంటే పైన పడ్డ నీళ్లు తొట్టిలోలా నిలిచి పడవ తూలుతుంది. అందుకే తాడున్న బిరడాలు కొనండి, కూర్చున్నచోటే లాగేయొచ్చు.

వెనక చివర మరతో బిగించే మూత వేరే. అది బోలులో చేరిన నీళ్లు ఒడ్డున వంపడానికి. నీళ్లలోకి దిగేముందు బిగించి తీరాలి. మరల్లో ఇసుక ఉంటే కారుతుంది.

చెన్నై ఎండలో పడవను బిరడాలతో వదిలేయకండి, రంధ్రాలు సాగిపోవచ్చు.