మూసీ మీద డాగ్‌ఫైట్, 4వ పాఠం: ఊడిన రెక్కలు, కుదించుకుపోయిన టెంపెస్టులు

ఈసారి రంగులు వేద్దామని చెప్పాను, కానీ కుదరదు. మూడో పాఠం చూసి మన బల్ల మీది యుద్ధపు ఆట కోసం మీరు పాత ఏటీఎం కార్డులతో చేసిన బుల్లి విమానాల్లో చాలావాటికి రెక్కలు బాడీ దగ్గరే ఊడాయి. ఊడనివాటిలో ఏది టెంపెస్టో, ఏది స్పిట్‌ఫైరో పోల్చుకోలేని పరిస్థితి. రంగు వేస్తే ఇవేవీ కప్పబడవు, ఇంకా బయటపడతాయి. కాబట్టి డబ్బాలు మూసెయ్యండి.

మధ్యలో చేరినవాళ్ళ కోసం ఒక్క ముక్క. మన ఆట 1948 సెప్టెంబరు 13న మొదలవుతుంది. అసలు చరిత్రలో హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన సైనిక చర్య, పోలో ఆపరేషన్, ఐదు రోజుల్లో ముగిసింది. భారత వైమానిక దళం టెంపెస్టు ఫైటర్లను దించితే, వాటికి ఎదురెళ్ళే ఫైటర్లు హైదరాబాద్ వైపు లేవు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్లనే పెద్ద రవాణా విమానాల్లో నిజాంకు ఆయుధాలు తెచ్చి దించేవాడు. ఆయన తుపాకులతో ఆగకుండా స్పిట్‌ఫైర్ల బేరం కూడా కుదిర్చి ఉంటే ఎలా ఉండేదన్నది మన ఊహ. మరీ గాలిమేడ కాదు లెండి: నిజాం సాయంతో హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ 152వ స్క్వాడ్రన్ 1940లో నడిపింది స్పిట్‌ఫైర్లనే. దాని చిహ్నం మీద నిజాం తలపాగా కూడా ఉంటుంది. మన బల్ల మీద విజయవాడ రోడ్డు, సూర్యాపేట దగ్గర మూసీ వంతెన, స్కేలు 1/300, అంటే అసలు విమానంలో మూడు వందలో వంతు. ముడిసరుకు గడువు తీరిన ఏటీఎం కార్డులు.

ముందు కొలతలు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు స్పిట్‌ఫైర్ తొమ్మిదో మార్కు 37.4 మి.మీ., టెంపెస్టు రెండో మార్కు 41.7, రవాణా విమానం డకోటా 97, లాంకాస్ట్రియన్ 103.6. అంటే రెండు ఫైటర్లకు మధ్య తేడా 4.3 మి.మీ. మాత్రమే. బల్లకు అవతల కూర్చున్న ఆటగాడు ఆ తేడా చూసే ఏది ఎవరిదో గుర్తుపట్టాలి.

మరి మీ టెంపెస్టులు 39 మి.మీ. ఎందుకు వచ్చాయి? కార్డు మీద పెట్టి కోయడానికి మీరు ప్రింటు తీయించిన నమూనా కాగితం కుదించుకుపోయి వచ్చింది కాబట్టి. దీని గురించి మూడో పాఠంలో ఒక వాక్యం రాశాను, ఎవరూ చదవలేదు. ఇప్పుడు పేరాలు రాస్తాను.

నల్లగొండ గడియారం సెంటర్ అయినా, మహబూబ్‌నగర్ అయినా, జిరాక్సు సెంటర్లో ప్రింటు బటన్ నొక్కితే కంప్యూటర్ తనంతట తాను 'ఫిట్ టు పేజీ' ఎంచుకుని ఉంటుంది. అంచుల్లో ఖాళీ వదలడానికి బొమ్మను 94 నుంచి 97 శాతానికి తగ్గిస్తుంది. దరఖాస్తు ఫారానికి ఏమీ కాదు, మనకు కొంప మునుగుతుంది. 41.7లో 94 శాతం 39.2. సరైన సైజు స్పిట్‌ఫైర్ పక్కన పెడితే తేడా 1.8 మి.మీ.కి పడిపోయింది. ఇంకో తంటా ఏమిటంటే కాగితం తగ్గింది గానీ కార్డు మందం తగ్గలేదు. అది ఎప్పుడూ 0.76 మి.మీ.నే. తోక రెక్క దూరే గాడిని నేను 0.8 గీశాను; మీ కాగితం మీద అది 0.75 అయింది. 0.76 ముక్కను 0.75 గాడిలోకి బలవంతంగా తోస్తే బాడీ కోసం ఒకదానిపై ఒకటి అతికించిన కార్డు పొరలు విడిపోతాయి. 'తోక చీలిపోతోంది' అన్న ఫిర్యాదులన్నిటికీ మూలం ఇదే, కత్తి తప్పు కాదు.

అంతకంటే ఘోరం, బాడీ కాగితం ఒకచోట, రెక్కల కాగితం ఇంకోచోట తీయించడం. ఒకటి నూరు శాతం, ఇంకొకటి 94. బాడీ కింద గాడి పొడవు 8.5 మి.మీ., అందులో కూర్చోవాల్సిన రెక్క వెడల్పు 8. ఆ అర మిల్లీమీటరు సందును మీరు గమ్‌తో నింపారు. సందు నింపిన గమ్ అతుకు కాదు.

అందుకే నమూనా ప్రతి పేజీలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 100 మి.మీ. గీతలు ఉన్నాయి. దుకాణం మెట్లు దిగకముందే స్టీలు స్కేలుతో రెండూ కొలవండి. స్కూలు ప్లాస్టిక్ స్కేలు వద్దు, దాని సున్నా దగ్గర అంచు అరిగి ఉంటుంది. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. లోపలికి వెళ్ళి చెప్పాల్సిన మాట: 'అన్నా, ఫిట్ టు పేజీ తీసెయ్యి, యాక్చువల్ సైజు పెట్టు.' ఆయన 'రెండూ ఒకటే' అంటాడు. ఒకటి కాదు. తగ్గిన కాగితమే చేతిలో ఉంటే పారేయనక్కర్లేదు: నూరును మీ కొలతతో భాగించండి. 94 వస్తే 106 శాతానికి, 96 వస్తే 104 శాతానికి జిరాక్సు తీయించండి. తీయించాక మళ్ళీ కొలవండి.

ఇక ఊడిన రెక్కలు. కుడి, ఎడమ విడివిడిగా కోసి బాడీకి చెరో పక్క సూపర్ గ్లూతో అంటించారు. అక్కడ అంటుకునే చోటు 8.5 ఇంటూ 0.76, అంటే ఆరున్నర చదరపు మిల్లీమీటర్లు. పైగా సూపర్ గ్లూ ఎండాక గాజులా పెళుసు. విమానాన్ని రెక్క పట్టుకుని ఎత్తగానే పెటుక్కుమంటుంది. రెక్క ఒకే ముక్కగా ఉండాలి, బాడీ కింది గాడిలో అడ్డంగా కూర్చోవాలి. స్పిట్‌ఫైర్ బాడీ నాలుగు కార్డుల మందం, 3 మి.మీ. పైచిలుకు, అప్పుడు అతుకు పాతిక చదరపు మిల్లీమీటర్లు దాటుతుంది, రెక్క మధ్యలో తెగేదే ఉండదు.

అతకడానికి ప్లంబర్లు పైపులకు పూసే పీవీసీ సొల్యూషన్ వాడండి. అది కార్డును కాస్త కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. కార్డు మీది మెరుపు పొరను గరుకు కాగితంతో పూర్తిగా తీసేశాకే పూయాలి, లేకపోతే ఆ పొర మాత్రమే అంటుకుని తర్వాత పొరతో సహా లేచివస్తుంది. అగ్గిపుల్ల కొసతో సన్నగా రాయండి. ఎక్కువైతే రెక్క మెత్తబడి వంకర తిరుగుతుంది. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. కొన్ని కార్డులు పీవీసీవి కావు. మూలలో ఒక చుక్క వేసి వేలితో తాకితే జిగురుగా లేకపోతే ఆ కార్డు పక్కన పెట్టండి.

స్పిట్‌ఫైర్ రెక్కలు బాడీ దగ్గరి నుంచే పైకి లేచి ఉంటాయి, సుమారు ఆరు డిగ్రీలు. మధ్య గీతకు అటూ ఇటూ 1.5 మి.మీ. వదిలి, రెక్క అడుగువైపు మందంలో మూడో వంతు లోతుకు కత్తితో గాటు పెట్టండి. అడుగువైపే. పైన పెడితే వంచినప్పుడు గాటు మూసుకుని రెక్క అక్కడే ఆగిపోతుంది. వేడి నీళ్ళలో పది సెకన్లు ముంచి, బల్ల మీద పెట్టి, రెండు కొసల కిందా కార్డు ముక్కలు పేర్చి మధ్యలో అదమండి. లెక్క ప్రకారం కొస 1.8 మి.మీ. లేవాలి. రెండు కార్డులు పెడితే కొంచెం తక్కువ, మూడు పెడితే ఎక్కువ. నేను రెండుతోనే సరిపెడతాను, మూడు పెడితే పిచ్చుకలా కనబడుతుంది. చల్లారాక గాట్లలో సొల్యూషన్ నింపి, ఆ తర్వాత బాడీకి అతకండి. టెంపెస్టుకు చక్రాలు మడిచే చోటు దాకా రెక్క దాదాపు సమంగా ఉండి అక్కడి నుంచి లేస్తుంది, కాబట్టి గాట్లు బయటికి జరుగుతాయి. దాని ముక్కు లావు. అక్కడ ఆరు పొరలు, వెనక నాలుగు.

డకోటా గురించి అడిగారు. కార్డు పొడవు 85.6, రెక్క 97. మూల నుంచి మూలకు 101 వస్తుందని ఏటవాలుగా గీసినవాళ్ళకు రెక్క కొసలు తెగిపోయాయి, మూలలో వెడల్పు ఉండదు కదా. మూడు ముక్కలు చేయండి. అసలు విమానంలోనే మధ్య భాగం సమంగా ఉండి, ఇంజన్లు దాటాకే రెక్క లేస్తుంది. అతుకు అక్కడే పెట్టి, అడుగున 8 మి.మీ. పట్టీ ఒకటి అంటిస్తే ఇంజను డబ్బా దాన్ని కప్పేస్తుంది. బాడీకి గుండ్రటి పెన్సిల్ చాలు. పెన్సిల్ చెక్క కాబట్టి అక్కడ మాత్రం ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే గమ్) వాడాలి, సొల్యూషన్ పట్టదు.

ఎండాకాలంలో పూర్తయిన విమానాలను మూసిన కారులో వదలకండి, రేకుల గదిలో అటక మీదా పెట్టకండి. పీవీసీ వేడికి మెత్తబడి రెక్కలు వాలిపోతాయి.

అభ్యాసం: నాలుగు టెంపెస్టులు, నాలుగు స్పిట్‌ఫైర్లు కొత్తగా చేయండి. పాతవి మరమ్మతు చేస్తే లెక్కలోకి రాదు. ఒకే రకం నాలుగింటి రెక్కల కొలతల్లో అర మిల్లీమీటరుకు మించి తేడా ఉండకూడదు. అతుకు రాత్రంతా ఆరాక, ఒక్కోదాన్ని బల్ల ఎత్తు నుంచి గచ్చు మీదికి మూడుసార్లు జారవిడవండి. రెక్క ఊడితే ఎక్కడ ఊడిందో చూడండి: పొర లేచివస్తే మెరుపు సరిగా తీయలేదు, గాటు దగ్గర విరిగితే కత్తి లోతుగా దిగింది. కార్డులు చాలకపోతే మొబైల్ దుకాణాల్లో సిమ్ తీసుకుని పారేసే చట్రాలు అడగండి, మందం అంతే ఉంటుంది, చిల్లు లేని వైపు ఒక స్పిట్‌ఫైర్ రెక్క పడుతుంది. ఇంట్లోవాళ్ళ ఆధార్ కార్డుల జోలికి మాత్రం పోకండి.