వేడి వేరు, కాల్చేది వేరు: తిరుపతి ఎండల ముందు జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయిందంటే తిరుపతిలో ఎండల లెక్క మొదలైనట్టే. మంచినీళ్ళ కుండ, మజ్జిగ, మధ్యాహ్నం కిటికీలు మూయడం ఇవన్నీ మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. వడదెబ్బ గురించి పేపర్లలో రోజూ వస్తుంది, అదే మళ్ళీ ఇక్కడ రాయను. ఎండలో వేడి కాని భాగం ఒకటుంది, కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాలు. ఈ జాగ్రత్తలు దాని గురించి.

ఎండలో వేర్వేరు తరంగదైర్ఘ్యాల వెలుగు కలిసి ఉంటుంది. మన కంటికి కనిపించేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు). అంతకంటే పొడవైనవి పరారుణ కిరణాలు. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టకం (ప్రిజం) పంచిన రంగుల్లో ఎరుపుకు అవతల, ఏమీ కనిపించని చోట థర్మామీటరు పెడితే పాదరసం పైకెక్కింది. మరుసటి ఏడాది రిట్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రెండో కొసకు, అంటే పొట్టి కిరణాల వైపు, వెళ్ళాడు. ఊదాకు అవతల పెట్టిన సిల్వర్ క్లోరైడ్ గబగబా నల్లబడింది. అవే అతినీలలోహిత కిరణాలు, పొట్టిగా అతినీలం అందాం. అంటే ఒకటి వేడిని బట్టి దొరికింది, రెండోది రసాయన మార్పును బట్టి దొరికింది. మన చర్మానికి వేడి వెంటనే తెలుస్తుంది. ఆ రసాయన మార్పు మాత్రం జరుగుతున్నంతసేపూ తెలియదు, సాయంత్రానికి ఎర్రబడి మండాక తెలుస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. చెమట పట్టలేదు కదా అని ఎండను అంచనా వేస్తాం.

అతినీలంలోనూ రకాలున్నాయి. 280 నానోమీటర్ల కంటే పొట్టివాటిని గాలిపొరల్లోని ఓజోన్, ఆక్సిజన్ మింగేస్తాయి. 280 నుంచి 315 వరకు ఉన్నది యూవీ-బి. చర్మాన్ని కమిలించేది ప్రధానంగా ఇదే, విటమిన్ డి తయారు చేయించేదీ ఇదే. 315 నుంచి 400 వరకు యూవీ-ఎ. ఇది ఇంకా లోతుకు దిగి ముడతలు తెస్తుంది, నలుపు పెంచుతుంది.

ముందు టైము సంగతి. తిరుపతిలో వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరేది మధ్యాహ్నం పన్నెండుంపావు లోపే. అతినీలం బలం అప్పుడే ఎక్కువ. గాలి వేడి మాత్రం రెండు, మూడు గంటలకు గానీ తారస్థాయికి చేరదు. మనవాళ్ళు పదిన్నరకు ‘ఇంకా ఎండెక్కలేదులే’ అని బయల్దేరతారు, నాలుగింటికి ‘అబ్బో, సెగ’ అని ఇంట్లో ఉండిపోతారు. చర్మం వరకు చూస్తే పదిన్నర ఎండే ప్రమాదం. గడియారం కంటే నీడను నమ్మండి. మీ నీడ మీ కంటే పొట్టిగా ఉంటే గొడుగు తీయాల్సిందే. ఏప్రిల్‌లో మన దగ్గర అది దాదాపు తొమ్మిది నుంచి మూడు వరకు.

క్యాలెండరు కూడా ఇలాగే మోసం చేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, వేడికి సంబంధించి అది సరైన మాటే. కానీ మన అక్షాంశానికి సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చేది ఏప్రిల్ చివరి వారంలో, మళ్ళీ ఆగస్టు మధ్యలో. ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా ఉందని గొడుగు మూలన పడేస్తాం. పల్చటి మబ్బులోంచి అతినీలం ఎనభై శాతం దాకా దిగి రాగలదు.

కొండమీద చల్లగా ఉంటుందన్న ధీమా ఇంకొకటి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలం సుమారు పది శాతం పెరుగుతుంది. తిరుమల ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. పెరిగేది కొంచెమే, కానీ చల్లగాలి వల్ల ఎక్కువసేపు ఎండలో తిరిగేస్తాం. అలిపిరి మెట్లదారిలో చాలా దూరం పైకప్పు ఉంది కాబట్టి అక్కడ పెద్ద టెన్షన్ లేదు. అసలు సమస్య తలనీలాలు ఇచ్చాక.

ఏళ్ళ తరబడి జుట్టు కింద దాక్కున్న చర్మం అది. ఎండ అలవాటే లేదు. పొద్దున గుండు చేయించుకుని, దర్శనం అయ్యాక శిలాతోరణం, పాపవినాశనం తిరిగి వస్తే రాత్రికి తల మండి దిండు మీద ఆనించలేరు. గంధం రాసుకున్నాం కదా అంటారు. గంధం చల్లగా ఉంటుంది, నిజమే. ఆ చల్లదనం చూసి ఎండ తగలడం లేదనుకోవడమే తప్పు, దాన్ని సన్‌స్క్రీన్ లెక్కలో వేసుకోవద్దు. గంధం ఆరాక టోపీ గానీ మందపాటి తువ్వాలు గానీ వేసుకోండి. చెవులు, మెడ వెనక మర్చిపోవద్దు. పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డలకు క్రీముల కంటే నీడ, టోపీ మేలు. ఆరు నెలల లోపు పిల్లలకు డాక్టరును అడగకుండా సన్‌స్క్రీన్ రాయకూడదు.

నీడ అన్నాను గానీ, చెట్టు కింద నిలబడితే పూర్తి రక్షణ అనుకోకండి. వెలుగు గాలి అణువులకు తగిలి చెదురుతుంది, తరంగదైర్ఘ్యం సగమైతే ఆ చెదరడం పదహారు రెట్లు పెరుగుతుంది. ఆకాశం నీలంగా కనిపించడానికి ఇదే కారణం. నీలం కంటే పొట్టివైన అతినీల కిరణాలు ఇంకా ఎక్కువ చెదిరి ఆకాశం నలువైపుల నుంచీ వస్తాయి. నీడ సగమో, అంతకు మించో తగ్గిస్తుంది, మిగతాది మీ బట్టలు చూసుకోవాలి. ఈ చెదరడమే శాస్త్రవేత్తలకు పనిముట్టు కూడా. చిత్తూరు దారిలో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రంలో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరును పైకి పంపి, చెదిరి తిరిగొచ్చే వెలుగుతో పైపొరల గాలిని చదువుతారు.

ఇక బట్టల సంగతి. పల్చటి తెల్ల చొక్కా వేడికి హాయి, కానీ అతినీలాన్ని బాగానే లోపలికి పోనిస్తుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. బట్టను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూడండి, అవతలి వెలుగు బాగా కనిపిస్తే ఒంటిమీదికీ వస్తున్నట్టే. వదులుగా, నేత దగ్గరగా ఉన్న పొడుగు చేతుల నూలు చొక్కా రెండింటికీ రాజీ. మామిడి కోతల పనికి వెళ్ళేవాళ్ళు దాని మీద తలపాగా కూడా చుట్టుకుంటే ఇంకేం కావాలి. సన్‌స్క్రీన్ కొంటే ఎస్‌పీఎఫ్ అంకె ఒక్కటే చూడొద్దు. అది ముఖ్యంగా యూవీ-బి లెక్క. యూవీ-ఎ కోసం డబ్బా మీద పీఏ (PA) అనే అక్షరాల పక్కన ప్లస్ గుర్తులెన్ని ఉన్నాయో చూడాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి.

చెన్నై, బెంగళూరు బస్సుల్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళకు ఒక మాట. మామూలు అద్దం యూవీ-బిని ఆపుతుంది, యూవీ-ఎని చాలావరకు వదిలేస్తుంది. ఒకే చెయ్యి నల్లబడటం అందుకే. కర్టెన్ వేసుకోండి. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని మందులు వాడేటప్పుడు చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, ప్రయాణానికి ముందే డాక్టరును అడగండి.

ఇక కళ్ళు. ఫుట్‌పాత్ మీద కొన్న నల్లకళ్ళజోడు కొన్నిసార్లు లేనిదానికంటే చెడ్డది. చీకటికి కంటిపాప విచ్చుకుంటుంది, అద్దం అతినీలాన్ని ఆపకపోతే అది ఇంకా ఎక్కువగా లోపలికి పోతుంది. ‘యూవీ 400’ అంటే 400 నానోమీటర్ల లోపువాటిని ఆపుతుందని అర్థం. స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు, కళ్ళజోళ్ళ షాపులో మీటరుంటే పెట్టి చూపించమనండి. వేసవిలో ఇంటి పనులు జరుగుతుంటే వెల్డింగ్ దగ్గరికి పిల్లలను పోనివ్వద్దు. ఆ మంటకూ కంటికీ మధ్య ఓజోన్ పొర ఏమీ ఉండదు, పొట్టి కిరణాలన్నీ నేరుగా తగులుతాయి. అప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటలు పోయాక అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. నలపకుండా కంటి డాక్టరుకు చూపించాలి. సూర్యుణ్ణి నేరుగా చూస్తే దెబ్బ తగిలేది కంటి లోపలి వెనక పొర రెటీనాకు, దానికి నొప్పే తెలియదు. చూపు మధ్యలో మచ్చలా కనిపించినా, గీతలు వంకరగా అనిపించినా, నొప్పి లేదు కదా అని ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.