మేడిచెట్టు దగ్గర ఎవరికి ఎవరు ఆధారమో చూడటం ఎలా

శేషాచలం కొండల్లో ఏ జీవి దేన్ని నమ్ముకుని బతుకుతోందో చూడాలంటే తలకోన దాకా పోనక్కర్లేదు. ఒక్క మేడిచెట్టు చాలు. మా చంద్రగిరి వైపు అత్తిచెట్టు అని కూడా అంటారు. వాగు ఒడ్డునో, పాత బావి గట్టునో వెతకండి, దొరుకుతుంది. మాది మామిడితోటలో బావి పక్కనే ఉంది. సెలవుల్లో వీధి పిల్లల్ని అక్కడికే తీసుకెళ్తాను.

శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు లోపల మాత్రం కాయ కోయొద్దు, రాలిన పండు కూడా తీసుకురావొద్దు. 1989 నుంచి అది జాతీయ పార్కు. 2010లో శేషాచలం కొండల్ని జీవావరణ రిజర్వుగా కూడా ప్రకటించారు. అక్కడ చూసి రావడమే. కోసి చూడాలనుకుంటే సొంత పొలంలోనో, అడిగి పక్కవాళ్ల పొలంలోనో కోసుకోండి.

పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం, కొత్త బ్లేడు, గాజు సీసా, పలచని నూలుగుడ్డ, రబ్బరు బ్యాండు ఉంటే చాలు. కాయ కోస్తే పాలు కారతాయి, ఒక పట్టాన వదలవు. ముందే చేతులకు కొబ్బరినూనె రాసుకోండి.

మేడికాయలు మొదలు మీద, లావు కొమ్మల మీద గుత్తులుగా కాస్తాయి. ముందు చిన్న పచ్చికాయల గుత్తి దగ్గర కాసేపు కదలకుండా నిలబడండి. కాయ కొన దగ్గర చిన్న నోరు ఉంటుంది, దాన్ని పొలుసులు మూసి ఉంచుతాయి. నువ్వుగింజ కంటే చిన్న నల్లటి కందిరీగ ఆ పొలుసుల మధ్య దూరుతూ కనిపిస్తే మీరు సరైన రోజున వచ్చినట్టే. శాస్త్రవేత్తలు దాన్ని సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్ అంటారు. దారి ఎంత ఇరుకంటే లోపలికి పోయేలోపు రెక్కలు ఊడిపోతాయి. భూతద్దం పెట్టి చూస్తే ఆ రెక్కలు నోటి దగ్గరే ఇరుక్కుని గాజుముక్కల్లా మెరుస్తుంటాయి. ఈ ఒక్క దృశ్యం కోసం ఎంతసేపు నిలబడినా నష్టం లేదు.

ఇప్పుడు ఒక కాయను నిలువుగా కోయండి. లోపలి గోడ నిండా సన్నటి పూలు. మేడి పూలు ఎవరికీ కనబడవంటారే, అవన్నీ ఇక్కడే ఉన్నాయి. లోపలికొచ్చిన ఆడ కందిరీగ వేరే కాయ నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని ఈ పూలకు అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. గుడ్డు పెట్టిన పూలు దాని పిల్లలకు, మిగతావి చెట్టుకు విత్తనాలకు. ఈ పురుగు లేకపోతే మేడికి విత్తనం లేదు, మేడి లేకపోతే ఈ పురుగుకు పుట్టే చోటు లేదు.

తర్వాతి దశకు కొన్ని వారాలు ఓపిక పట్టాలి. కాయ బాగా పెరిగి, ఇంకా ఎర్రబడకముందు, పైన ఎక్కడా రంధ్రం లేనివి నాలుగైదు కోసి సీసాలో వేసి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. ఎండలో పెడితే లోపల ఆవిరి పట్టి అన్నీ పోతాయి. రోజూ చూస్తూ ఉండండి. లోపల ముందు రెక్కల్లేని, పాలిపోయిన మగవి బయటపడతాయి. అవి ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు దారి తొలిచి ప్రాణం విడుస్తాయి. ఆడవి రొమ్ము దగ్గరున్న బుల్లి సంచుల్లో పుప్పొడి నింపుకుని ఆ దారినే బయటికొస్తాయి. గుడ్డకు అంటుకుని కనబడగానే సీసాను చెట్టు దగ్గరికి తీసుకెళ్లి వదిలేయండి. అవి బతికేది ఒకటి రెండు రోజులే, ఆలోపు పచ్చికాయలున్న ఇంకో మేడిచెట్టును చేరాలి.

సీసాలో వేరే రకం కందిరీగలు కూడా కనిపించొచ్చు. ఒంటికంటే పొడవైన తోకలాంటి సూది ఉంటే అది పుప్పొడి మోసేది కాదు. బయటి నుంచే సూది గుచ్చి లోపల గుడ్లు పెట్టే రకం. చెట్టుకు దానివల్ల నష్టమే. వాటిని పట్టేది ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలు. కరుస్తున్నాయని మా ఇంట్లో ఆ గూళ్లను కాల్చేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ చీమలు అటు మామిడి మీదా పురుగుల్ని పట్టుకుంటాయి.

పండ్లు ఎర్రబడ్డాక రెండుసార్లు వెళ్లండి. తెల్లవారుజామున గోరింకలు, చిలకలు, పిగిలిపిట్టలు, ఉడుతలు వస్తాయి. చీకటి పడ్డాక గబ్బిలాలు. కింద రాలినవాటి కోసం పునుగుపిల్లి కూడా రావచ్చు. శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారికి పూసే పునుగు తైలం ఈ జాతి నుంచి వచ్చేదే. పిట్టల రెట్టలో మేడి విత్తనాలు చెక్కుచెదరకుండా బయటపడతాయి. బావి రాళ్ల సందులో మొలిచిన మొక్కలు చూస్తే అవి ఎలా వచ్చాయో తెలుస్తుంది. మిగతా చెట్లకు పండు లేని రోజుల్లోనూ ఎక్కడో ఒక మేడి పండి ఉంటుంది, ఎందుకంటే అన్నీ ఒకేసారి కాయవు. అలా కాయకపోవడం వల్లే కందిరీగకూ ఎప్పుడూ ఒక చోటు దొరుకుతుంది.

అందుకే ఊళ్లో మేడిచెట్లన్నీ ఎక్కడున్నాయో ఒక పుస్తకంలో రాసుకోండి, నెలకోసారి ఏ చెట్టు ఏ దశలో ఉందో నమోదు చేయండి. మామిడి పూతకు తేనెమంచు పురుగు మందు కొట్టే రోజున గాలి మేడి వైపు వీస్తుంటే ఆ పని మర్నాటికి వాయిదా వేయండి. ఊళ్లో ఒక్క చెట్టే మిగిలి ఉంటే వానలు పడగానే బొటనవేలి లావు కొమ్మను మూరెడు పొడవున కోసి నాటండి. మొదటి వేసవి తడి ఆరనివ్వకండి. బావి దగ్గర, వాగు ఒడ్డున బాగా నిలుస్తుంది. ఇంటి పునాదికీ నీళ్ల పైపులకూ దూరంగా ఉంచండి, వేళ్లు నీటి కోసం చాలా దూరం పోతాయి.