కారు అద్దం బటన్ నొక్కినా గేటు కదలకపోతే

కారులో వెనక చూసుకునే అద్దం కింద ఉండే హోమ్‌లింక్ బటన్‌కి (కారులోంచే గేటు తీసే బటన్) గేటు రిమోట్ కోడ్ ఎక్కించారు, లైటు కూడా వెలిగింది, తీరా నొక్కితే గేటు ఉలకదు పలకదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు గేటు మోటార్లు బిగించే నాకు తరచూ వచ్చే ఫోన్ ఇదే. "మోటారు పోయిందండి, కొత్తది వేసేయండి ఆయ్" అంటారు. మోటారు పోలేదు.

ముందు చేతి రిమోట్‌తో గేటు తీసి చూడండి. అడిగితే అందరూ "చూశామండి" అనేవాళ్లే, కానీ వాళ్లు చూసింది రిమోట్ మీద ఎర్ర లైటు. సెల్ నీరసపడినా ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది, సిగ్నల్ మాత్రం గేటు దాకా వెళ్లదు. కొత్త సెల్ వేసి, గేటు కదిలాకే ఆ రిమోట్ కోడ్‌ని కారు బటన్‌కి ఎక్కించండి.

అది బాగానే ఉంటే, కారు బటన్ నొక్కి పట్టుకుని దాని లైటు చూడండి. గబగబా కొట్టుకుంటోందా? అయితే మీ గేటుది రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ రిమోట్ కొత్త కోడ్ పంపుతుంది, కాబట్టి కారు దాన్ని చూసి నేర్చుకున్నా సరిపోదు, మోటారు బోర్డుకి కారుని విడిగా పరిచయం చేయాలి. అందరూ బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే అదే కారుకి పోర్టికో లైటు రిమోట్ చూపిస్తే క్షణంలో పట్టేసుకుంటుంది. మామూలుగా ఆ లైటుది ఎప్పుడూ మారని కోడ్. దాంతో తప్పంతా గేటు మోటారుదే అనుకుంటారు.

మోటారు పెట్టె మూత తీయండి (కరెంటు ఉంటుంది, వైర్ల జోలికి పోవద్దు, బల్లి గుడ్లు కనిపిస్తే కంగారు పడొద్దు, మన వైపు అది మామూలే). బోర్డు మీద లెర్న్ అని చిన్న బటన్ ఉంటుంది. ఒక్కసారి నొక్కి వదిలేస్తే సాధారణంగా 30 సెకన్ల టైమిస్తుంది. ఆలోపు కారులో ఉన్న మనిషి తన బటన్‌ని రెండు సెకన్లు నొక్కి వదలాలి, మళ్లీ నొక్కాలి, కదలకపోతే మూడోసారి. ఒక్కరే పరిగెత్తకండి, ఇద్దరుండండి. గేటు దారిలో పిల్లలు లేకుండా చూసుకోండి.

ఒక్కసారి నొక్కి వదిలేయమన్నానా, దానికి కారణం ఉంది. పాలకొల్లులో ఒక ఇంట్లో సరిగ్గా పట్టలేదేమో అని లెర్న్ బటన్‌ని అలాగే నొక్కి ఉంచాను. బోర్డు మీద లైటు ఆరిపోయింది, ఎక్కేసింది కాబోలు అనుకున్నాను. చాలా బోర్డుల్లో అలా పట్టుకుంటే పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి. వాళ్లకి ఆరు రిమోట్లు, అందులో రెండు హైదరాబాద్‌లో పిల్లల దగ్గర. సంక్రాంతికి వాళ్లు దిగి గేటు బయట హారన్ కొడుతుంటే, ఇంటాయన ఫోన్ నాకు.

మిగతావి అరుదు. బోర్డులో రిమోట్ల మెమరీ నిండిపోవచ్చు, పనికిరానివి చెరిపేయాలి. మన దగ్గర చాలా గేటు రిమోట్లు 433.92 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీవే, మీది వేరే ఫ్రీక్వెన్సీ అయితే కారు అసలు పట్టకపోవచ్చు. దగ్గరికొస్తే తెరుచుకుని రోడ్డు మీంచి తెరుచుకోకపోతే యాంటెన్నా వైరు తెగిందేమో చూడండి. రాత్రిపూట మాత్రమే ఆ తంటా అయితే గేటు స్తంభం మీద ఎల్ఈడీ బల్బు ఆర్పి నొక్కండి (కొన్ని ఎల్ఈడీ బల్బులు రిమోట్ సిగ్నల్‌కి అడ్డొస్తాయి), తెరుచుకుంటే బల్బు మార్చేయండి.