మిట్టమధ్యాహ్నం సోలార్ ఇన్వర్టరు ఆగిపోతుంటే కారణం ఎలా కనిపెట్టాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల నడుమ దూరదూరంగా ఉండే ఇళ్లు చాలావరకు లైను చివర ఉంటాయి. సాయంత్రం వాడకం పెరిగినప్పుడు వోల్టేజీ పడిపోయే ఆ లైనులోనే, ఎండవేళ ఇంట్లో వాడకం తక్కువగా ఉండి సోలార్ విద్యుత్తు బయటికి పోతున్నప్పుడు వోల్టేజీ పెరుగుతుంది. మన దేశంలో సింగిల్ ఫేజ్ వోల్టేజీ 230; అది 110 శాతం, అంటే 253 వోల్టులు దాటితే గ్రిడ్‌కు, అంటే విద్యుత్ సంస్థ లైనుకు, కలిపిన ఇన్వర్టరు 2 సెకన్లలోపు విడిపోవాలన్నది నిబంధన. కాబట్టి సోలార్ పలకలనో ఇన్వర్టరునో మార్చాలనుకునే ముందు కొలతలు తీయించండి.

ముందుగా ఇన్వర్టరు తెరపై కనిపించే లోపం కోడును, అది ఆగిన సమయాన్ని కొన్ని రోజులపాటు రాసి పెట్టుకోవాలి. తర్వాత మబ్బులేని రోజు మధ్యాహ్నం, ఇన్వర్టరు పూర్తిగా పనిచేస్తుండగా, ఇంటి వైరింగుకు కరెంటు ఇచ్చే దాని చివర ఒకసారి, మీటరు దగ్గర ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజీ కొలిపించాలి. ప్రాణాపాయం ఉన్న పని గనుక సొంతంగా చేయకండి.

రెండు చోట్ల కొలతల్లో తేడా ఎక్కువగా ఉంటే లోపం మీ వైరులోనే ఉంది. 3 కిలోవాట్ల ఇన్వర్టరు దాదాపు 13 ఆంపియర్లు ఇస్తుంది; మేడపై నుంచి మీటరు దాకా 30 మీటర్లు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే అక్కడే దాదాపు 6 వోల్టులు పెరుగుతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పెరిగేది రెండున్నర వోల్టులే. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి చిలుమెక్కిన జాయింట్లను కూడా విప్పించి, శుభ్రం చేయించి, బిగింపించాలి.

ఇన్వర్టరును ఆపేసిన తర్వాత కూడా మీటరు దగ్గర వోల్టేజీ ఎక్కువగానే ఉంటే లోపం బయటి లైనులో ఉన్నట్టు. అప్పుడు కొలతలు, వేళలు రాసి 1912కు ఫిర్యాదు చేయండి. ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చే వోల్టేజీని సర్దే ట్యాప్ మార్చడం, ఫేజుల మధ్య లోడు సర్దడం విద్యుత్ సంస్థ చేయవలసిన పనులు. లైట్లు ఒక్కసారిగా ప్రకాశించి మళ్లీ మసకబారుతుంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులై ఉండవచ్చు. అలాంటప్పుడు మెయిన్ ఆపి వెంటనే చెప్పాలి, ఎందుకంటే మీ ఇంటితో పాటు పొరుగిళ్ల ఫ్రిజ్‌లు, టీవీలు కూడా కాలిపోవచ్చు.

ఇన్వర్టరు ఆగకుండా ఉండేందుకు దాని వోల్టేజీ పరిమితిని పెంచేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది లోపాన్ని సరిచేయదు. పెరిగిన వోల్టేజీని ఇరుగుపొరుగు ఇళ్లమీదకు నెట్టుతుంది.