కారు రిపేరు మనమే నేర్చుకుందాం – 4వ పాఠం: తెల్లపొగ

పోయిన పాఠంలో నల్లపొగ, నీలంపొగ చూశాం. నల్లపొగంటే ఇంధనం ఎక్కువై గాలి చాలడం లేదని, నీలంపొగంటే ఇంజనాయిల్ కాలుతోందని చెప్పుకున్నాం. తెల్లపొగతో అసలు చిక్కు ఏమిటంటే, అది చాలాసార్లు జబ్బే కాదు. షెడ్డుకి వెళ్తే మాత్రం చూడకుండానే “హెడ్ గ్యాస్కెట్ పోయిందండీ” అనేస్తారు. హెడ్ అంటే ఇంజన్ పైభాగం, గ్యాస్కెట్ అంటే దానికీ కింద ఉండే బ్లాక్‌కీ మధ్య లీకవకుండా పెట్టే పలక. హెడ్ దించాక ఖర్చు ఎలాగూ తప్పదు కాబట్టి, దించకముందే తేల్చుకోవాలి.

ధనుర్మాసంలో తెల్లారగట్ల, కాలువ గట్ల మీద మంచు పట్టి ఉన్నప్పుడు, ఏ కారు స్టార్ట్ చేసినా సైలెన్సర్ నుంచి తెల్లగా వస్తుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. చల్లగా ఉన్న గొట్టంలో ఆ ఆవిరే చుక్కలు కట్టి బయటికొస్తుంది. పల్చగా ఉండి, గాలిలో ఇట్టే కలిసిపోయి, ఇంజన్ వేడెక్కాక ఆగిపోతే దాన్ని వదిలేయండి. అమలాపురంలో మొదలైన పొగ రావులపాలెం వచ్చినా అంతే మందంగా ఉండి, బండి వెళ్లిపోయాక కూడా రోడ్డు మీద తేలుతుంటే అప్పుడు ఆలోచించాలి.

డీజిల్ బండైతే ముందు వాసన సంగతి చూడండి. గొట్టానికి ముక్కు పెట్టొద్దు, ఆరుబయట దూరంగా నిలబడితే చాలు. కళ్లు మండేలా పచ్చి డీజిల్ వాసన వస్తూ, పొద్దున్నే ఇంజన్ తడబడుతుంటే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) జోలికి పోనక్కర్లేదు. హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌లో వేడి పుట్టించేవి), నాజిళ్లు (డీజిల్ చిమ్మేవి), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) ఈ వరసలో చూడండి. హీటర్ ప్లగ్ వైరు తీసి మల్టీమీటర్ పెడితే, కరెంటు అసలు పారని ప్లగ్ పోయినట్టే.

వాసన కాస్త తియ్యగా ఉండి, బండి కింద చుక్క కూడా కారకుండా కూలెంట్ తగ్గిపోతుంటే అది ఇంజన్‌లోకే పోతోంది. రోజూ పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ డబ్బా మీద, ద్రవం ఉన్న మట్టానికి మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత, చల్లటి ఇంజన్ మీదే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు, ముఖం కాలిపోతుంది. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే, అది లోపల చిక్కుకున్న గాలి. బుడగలు ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఎక్కువై నీళ్లు పైకి పొంగితే సిలిండర్ గాలి నీళ్లలోకి తోసుకొస్తోందన్నమాట. ఇంకా అనుమానముంటే బ్లాక్ టెస్టర్ వాడండి, రేడియేటర్ మూతి మీద పెట్టి అక్కడి గాలిని పరీక్షించే గొట్టం అది. కాలిన గాలి తగిలితే అందులోని నీలం ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది.

పెట్రోలు బండి అయితే స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి వరసగా పెట్టి చూడండి. మిగతావి గోధుమరంగులో ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే, నీళ్లు దిగేది ఆ సిలిండర్‌లోకే.

ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనిపించగానే టెన్షన్ పడకండి. ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి ఇంటికి తప్ప తిరగని బండికి చలికాలంలో అది వస్తుంది. ఆయిల్ గేజీ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. దాని మీద కూడా ఆయిల్ పాలు కలిపినట్టుంటే ఇక స్టార్ట్ చేయొద్దు, బేరింగులు పోతాయి.

ఇంతకీ గ్యాస్కెట్ ఎందుకు పోతుంది? ఎక్కువగా ఇంజన్ ఓవర్‌హీట్ అయ్యి. మన వైపు దానికి ఇంకో కారణం తోడవుతుంది: రేడియేటర్‌లో ఏ నీళ్లు దొరికితే అవి పోసేయడం. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు అల్యూమినియం హెడ్‌ని నీటిదారుల చుట్టూ తినేస్తుంది. కాలువ నీళ్లతో బురద పేరుకుని సన్నటి గొట్టాలు పూడిపోతాయి. దారిలో తప్పక పోసినా, ఇంటికి రాగానే కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపండి. లీకు మూసే పొడులు నేనైతే వాడనివ్వను. చిల్లుతో పాటు రేడియేటర్‌ని కూడా మూసేస్తాయి.

నిజంగా హెడ్ దించాల్సి వస్తే లేత్ షాపులో పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించండి. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు బద్ద) ఆనించి, సందు కొలిచే పల్చటి రేకులుండే ఫీలర్ గేజ్‌తో వంపు చూడండి. చాలా ఇంజన్లకు 0.05 మిల్లీమీటర్లకి అటూఇటూగానే హద్దు ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే ఆఖరు. హెడ్‌కి ఫేసింగ్ కొట్టించి (అడుగు చదును చేయించి) బ్లాక్ సంగతి మర్చిపోయేవాళ్లు ఎక్కువ, దానికీ అదే కొలత పట్టండి. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ మిగిలిపోతే బోల్టు బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు, గాలి కొట్టి ఆరబెట్టండి. పాత గ్యాస్కెట్ మళ్లీ వేయొద్దు. సాగే రకం బోల్టులైతే అవీ కొత్తవే. మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించండి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

బండి మళ్లీ రోడ్డెక్కించే ముందు ఇంజనాయిల్, ఫిల్టర్ మార్చి, కూలెంట్‌లో గాలి తీయండి. పాత కూలెంట్‌ని కాలువలోనో చెరువు గట్టునో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

వచ్చే పాఠంలోగా మీ డబ్బా మీద గీత పెట్టి వారం రోజులు గమనించండి. థర్మోస్టాట్, వాటర్ పంపు అప్పుడు విప్పుదాం.